వెండి పట్టిన కణం

మంగళవారం పదకొండింటికి పెద్ద గుమాస్తా వెంకటరత్నం హిస్టాలజీ ల్యాబ్ గుమ్మంలో నిలబడి దగ్గాడు. దగ్గాడంటే మంచి వార్త కాదని మాలతికి తెలుసు. మంచి వార్తలు ఆయన కుర్చీలోంచి లేవకుండా ఫోన్లోనే చెప్తాడు. చెడ్డవాటికి మాత్రం పాపం మూడంతస్తులెక్కి వస్తాడు.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తే వీలు లేదు. పటకారు చివర శనగగింజంత మేక మెదడు ముక్క ఉంది. వారం రోజులు నారింజరంగు మందులో నానిన ముక్క అది. ఇప్పుడు సిల్వర్ నైట్రేట్‌లోకి మారాలి. మాలతి దాన్ని వెండినీళ్ళు అంటుంది. మొదటి గిన్నెలో ముంచగానే నీళ్ళు ఇటుకరంగుకి తిరిగాయి. పారబోసి, కొత్తవి పోసి, మళ్ళీ ముంచింది. మూడోసారికి తేటగా నిలబడ్డాయి. అప్పుడు ముక్కని గోధుమరంగు సీసాలోకి జార్చి, మూత బిగించి, వెలుతురు తగలకుండా నల్ల కాగితం చుట్టి బీరువాలో పెట్టింది. ఆరు ముక్కలు, ఆరు సీసాలు. పని అయ్యేసరికి ఆమె వేళ్ళ కొసలు ఎప్పట్లాగే నల్లబడ్డాయి. ఆ నలుపు సబ్బుకి పోదు. బస్సులో పక్క సీటువాళ్ళు ఆమె జుట్టుకి రంగేసుకుని వచ్చిందనుకుంటారు.

"ఇప్పుడు చెప్పండి రత్నం గారూ."

"శుక్రవారం కాలేజీ గుర్తింపు తనిఖీ కదమ్మా. ఆ రోజు నువ్వు సెలవు పెట్టాలి."

"తనిఖీ రోజున సెలవేటండి? స్లయిడ్లు చూసేది ఆ రోజే గదా."

"స్లయిడ్లు ఉంటాయి. నువ్వే ఉండకూడదు."

ఆయన ఆ మాట చల్లగానే అన్నాడు గానీ, అన్నాక చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. కిటికీలోంచి చూస్తే నయా రాయపూర్ పోయే రోడ్డు, దాని మీద మనుషుల కన్నా ఎక్కువగా దీపస్తంభాలు. మాలతి ఈ ప్రైవేటు మెడికల్ కాలేజీలో చేరి పదకొండేళ్ళు. నాడీమండలం పాఠానికి ఏటా నూటయాభైమంది పిల్లలు చూసే స్లయిడ్లన్నీ ఆమె చేతిలోంచి వచ్చినవే. కాలేజీ కాగితాల్లో మాత్రం ఆమె కాంట్రాక్టరు తరపున వచ్చే సఫాయి మనిషి. తనిఖీ ఫారంలో టెక్నీషియన్ అని ఒక గడి ఉంది. ఆ గడి కోసం బయటినుంచి డిప్లొమా ఉన్న సందీప్ అనే అతన్ని ఒక్కరోజుకి తెస్తున్నారు. తెల్లకోటు వేసుకుని ఆమె స్లయిడ్ల పక్కన అతను నిలబడతాడు.

"రేపట్నించి రెండ్రోజులు వస్తాడు. నాలుగు ముక్కలు నేర్పు. మనవాడేలే, తెలుగువాడు." అదొక ఓదార్పు అన్నట్టు చెప్పాడు వెంకటరత్నం.

మాలతికి ఒళ్ళు మండింది. సెలవు పెట్టమన్నందుకు కాదు. నేర్పి మరీ సెలవు పెట్టమన్నందుకు.

"నేర్పను అంటే?"

"కాంట్రాక్టరుకి ఒక్క ఫోను చాలమ్మా. ఎల్లుండి గేటు కూడా దాటనివ్వడు. నేను చెప్పానని కాదు, ఆలోచించుకో."

సందీప్ బుధవారం తొమ్మిదిన్నరకి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. తెల్లకోటు ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి తెచ్చుకున్నాడు, పెళ్ళిబట్టలు తెచ్చుకున్నట్టు. ఊళ్ళో రక్తపరీక్షల దుకాణంలో పని చేస్తాడట. తనిఖీల కాలం వస్తే మూడు కాలేజీల్లో మూడు డిపార్టుమెంట్లకి టెక్నీషియన్ అతనే.

"నమస్తే అక్కా. మీకు కోపంగా ఉంటుంది. నాకు తెలుసు."

"తెలిస్తే ఎందుకొచ్చావు?"

"పిలిచారు అక్కా."

పిలిస్తే రావడం, పొమ్మంటే పోవడం, ఇద్దరి బతుకూ అదే కదా. పైగా తప్పుడు మనిషి తప్పుగా పట్టుకుంటే పోయేది తన స్లయిడే. ఆమె మైక్రోస్కోపు ముందు స్టూలు లాగి అతన్ని కూర్చోబెట్టింది.

"చూడు. ఏటి కనిపిస్తంది?"

"పసుప్పచ్చగా ఉంది. మధ్యలో నల్లగా… చెట్టులా ఉంది."

"అదే న్యూరాన్. నాడీకణం. ఆ లావు బొట్టు దాని ఒళ్ళు. దాని చుట్టూ కొమ్మలున్నాయి చూడు, అవి వినేవి. కిందికి ఒక్క సన్న దారం దిగింది, కనిపించిందా? మెల్లిగా తిప్పు, మరలు విరిచీకు. ఆ దారం చెప్పేది. వినడానికి ఇన్ని కొమ్మలు, చెప్పడానికి ఒక్క దారం. పక్క కణం కొమ్మ దాకా పోయి ఆగిపోతాది, అంటుకోదు. మధ్యన ఇంత సందు ఉంటాది. ఆ సందులో మందుచుక్కలాటిది వదుల్తాది, అవతలది అందుకుంటాది."

"దారం ఎంత పొడుగుంటుంది?"

"ఇందులో ఉన్నది తలకాయలోనే అయిపోద్ది. నీ నడుం దగ్గర వెన్నులో ఉన్న కణానికైతే దారం కాలి బొటనవేలి దాకా. ఒక్కటే కణం. మూడడుగులు."

సందీప్ తన కాలి వైపు చూసుకున్నాడు. చదివే ఉంటాడు. పరీక్ష రాసిన రోజున రాసి మర్చిపోయి ఉంటాడు.

"ఈ చిన్నచిన్నవి, నక్షత్రాల్లా ఉన్నాయి?"

"గ్లియా. తోడు కణాలు. వార్త మొయ్యవు అవి. మోసేవాటికి తిండి అందించి, చెత్త ఎత్తి, దారానికి తొడుగేసి కాపాడతాయి. అవి లేకపోతే ఈ పెద్దమనిషి ఒక్కపూట బతకడు."

"అంటే సఫాయివాళ్ళన్నమాట," అన్నాడు సందీప్ నవ్వుతూ. అని, ఆమె మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

"అవునురా నాయనా, సఫాయివోళ్ళే," అంది మాలతి. "ఇప్పుడు చెప్పు. వేడి పెనం చేతికి తగిలింది. చెయ్యి వెనక్కొచ్చింది. మెదడుకి తెలిసి వచ్చిందా, తెలవక వచ్చిందా?"

"తెలిసే కదా."

"కాదు. చర్మం దగ్గర్నించి ఒక కణం వెన్నులోకి వార్త తెస్తాది. వెన్నులో మధ్యన ఒక చిన్న కణం అందుకుని మూడోదానికి ఇస్తాది. మూడోది కండకి హుకుం పంపిస్తాది. లాగు అని. తెచ్చే దారి వేరు, పంపించే దారి వేరు. పెద్దాఫీసుకి ఫైలు తర్వాత ఎళ్తాది. 'అబ్బా' అని నువ్వు అరిచేది అప్పుడు."

అతను నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది, కానీ ఆపుకుంది. ఇతగాడితో కలిసి నవ్వే ఉద్దేశం ఆమెకి లేదు.

మధ్యాహ్నం అతను ఇంకో మూడు స్లయిడ్లు చూసి, చివరికి అడగాల్సిందే అడిగాడు. "అక్కా, ఇన్ని వేల కణాలుంటాయంటారు. నల్లబడ్డవి రెండు మూడే. మందు పాడైందా?"

మాలతి గుడ్డతో చేతులు తుడుచుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఈ ప్రశ్న ఆమెకి ఇష్టం. పదకొండేళ్ళలో పిల్లలెవరైనా అడిగారా అంటే ఇద్దరో ముగ్గురో.

"మందు పాడైతే ఒక్కటీ పట్టదు. వెండి మరీ ఎక్కువైతే అన్నీ పట్టి బొగ్గుముక్క అయిపోద్ది. నూటికి రెండో మూడో పట్టడమే దీని గొప్ప. ఏవి పడతాయో, ఎందుకు అవే పడతాయో నాకు తెలీదు, మా డిపార్టుమెంటు చౌబే సారుకీ తెలీదు. లోపల అన్నీ ఒకదాన్లో ఒకటి అల్లుకుని ఉంటాయి గదా. అన్నిటికీ రంగెక్కితే ఏ కొమ్మ ఎవళిదో ఎలా తెలుస్తాది? మిగతావి కనిపించకుండా ఉంటేనే ఒకటి మొత్తం కనిపిస్తాది, కొస నించి కొస దాకా."

సందీప్ మళ్ళీ వంగి చాలాసేపు చూశాడు. ఆ చూపు పని నేర్చుకునేవాడి చూపే. అది ఆమెకి తెలిసింది, అందుకు ఇంకా కోపం వచ్చింది. ఇతను చెడ్డవాడైతే ఎంత బాగుండేది!

ఆ సాయంత్రం మాలతి మొగుడు ధనుంజయ్ సిల్తారా ఇనుము ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వచ్చి, పెరటి కుళాయి దగ్గర చెవుల్లోంచి ఇనపదుమ్ము కడుక్కుంటూ పెళ్ళాం చెప్పింది అంతా విన్నాడు.

"మా ప్లాంటులో కూడా అంతే," అన్నాడు. "తనిఖీ వొస్తందంటే పొగ పట్టే మిషను నడిపిస్తారు. ఆళ్ళు బండెక్కగానే ఆపెస్తారు."

"మీది నడిపిస్తారు. నన్ను ఆపెస్తన్నారు."

ధనుంజయ్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆగిపోయాడు. "ఒక్కరోజు ఛుట్టీ. పడుకో, సినిమా చూడు. ఉన్న పని పోతే ఏటి చేద్దాం?"

"ఉన్న పని ఏటి? చీపురు. కాగితం మీద నాకున్నది చీపురే. అది పోతే పోనీ. పోని పని ఇంకోటి ఉంది నాకు, అది కాగితం మీద లేదు." ఆమె గొంతు పెరిగింది. పెరిగిందని తెలిసీ తగ్గించుకోలేదు. "ఛుట్టీ పెట్టను నేను."

అన్నం పెట్టుకుంటున్నప్పుడు అతను, "సారుతో ఒకసారి నువ్వే మాటాడు. రత్నం గారి చేత కబుర్లు కాదు, సూటిగా అడుగు," అన్నాడు.

గురువారం పొద్దున్న ఆమె సూటిగానే అడిగింది. డిపార్టుమెంటు పెద్ద డాక్టర్ చౌబే గదిలో ఫైళ్ళు నేలమీద దాకా పరుచుకుని ఉన్నాయి. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, ఆమె హిందీలో చెప్పింది విన్నాడు. పదకొండేళ్ళ నుంచి చేస్తున్నాను, ఆ గడిలో నా పేరు రాయండి, అంది.

"మాలతీ, నీ చెయ్యి మంచిది. నేను కాదన్నానా? కానీ చేతిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సర్టిఫికెట్ కావాలి. నాకు కాలేజీ నడవాలి. నువ్వు శుక్రవారం రాకు. శనివారం నుంచి నీ ల్యాబ్ నీదే."

"నాదైతే శుక్రవారం కూడా నాదే కద సర్."

చౌబే కళ్ళజోడు కిందికి దించాడు. మాట అక్కడితో అయిపోయిందని దానర్థం. ఆమె మాత్రం కదల్లేదు.

"సర్, కాగితాల్లో నేను సఫాయి మనిషిని. తనిఖీ రోజున ల్యాబ్ ఊడ్చకుండా, తుడవకుండా ఉంచుతారా? సఫాయి మనిషి రాకపోతే ఎలా? నేను డ్యూటీకి వస్తాను."

ఆయన నవ్వేశాడు. "సరే. నీలం చీర కట్టుకుని, తుడుపుకర్ర పట్టుకుని ఓ మూల ఉండు. నోరు తెరవకు."

మాలతి తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళి, సీసాల నల్ల కాగితం విప్పింది. ఆరు ముక్కలూ ముదురు గోధుమరంగుకి వచ్చాయి. క్యారెట్‌ని నిలువునా చీల్చి, మధ్యన గుంట చేసి, ముక్కని అందులో ఇరికించి దారంతో కట్టింది. ఎడమచేత్తో క్యారెట్, కుడిచేత్తో క్షౌరం కత్తి. కత్తిని స్పిరిట్‌లో తడిపి తనవైపు లాగింది. ఒక్క లాగుడులో క్యారెట్, మెదడు కలిసి పల్చటి రేకు లేచింది. ఎంత పలచనంటే దాని కింద కాగితం మీది అక్షరం చదవొచ్చు. రేకు స్పిరిట్‌లో పడింది, అక్కణ్ణించి లవంగనూనెలోకి. గది నిండా బిర్యానీ వండుతున్నట్టు వాసన. సందీప్‌కి కత్తి ఇచ్చింది. అతను లాగిన మొదటి రేకు ముక్కలైంది, రెండోది పలకలా లావు. పదోదానికి కాస్త నయం. సాయంత్రం దాకా అయిదు ముక్కలు కోసి స్లయిడ్లకెక్కించారు. ఆరోది సీసాలోనే ఉంచింది.

శుక్రవారం ఉదయం ఆమె ఎనిమిదింటికే వచ్చి నేల రెండుసార్లు తుడిచింది. నీలం సఫాయి చీర, జేబురుమాలంత బ్యాడ్జి. పదకొండున్నరకి తనిఖీ డాక్టరు వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, పొద్దుటి విమానానికి లేచిన మనిషి. ఆయన వెనక చౌబే, ఆ వెనక ఫారం పట్టుకుని వెంకటరత్నం. సందీప్ తెల్లకోటులో బల్ల పక్కన నిలబడ్డాడు. మాలతి తలుపు దగ్గర బకెట్టు పక్కన.

వచ్చినాయన కుర్చీలెన్ని, మైక్రోస్కోపులెన్ని అని అడిగి రాసుకున్నాడు. వెళ్ళబోతూ, ఎందుకో మొదటి మైక్రోస్కోపులో తల పెట్టాడు.

"ఇదేమిటి? రెండే కణాలున్నాయి. మిగతావేవి?"

ఊరికే అడిగాడో, పరీక్షించడానికి అడిగాడో తెలీదు. సందీప్ చౌబే వైపు చూశాడు. చౌబే ఆ స్లయిడ్ ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. చూడకుండానే జవాబు చెప్పాడు.

"టెక్నీషియన్ పొరపాటు సర్. రంగు సరిగ్గా పట్టలేదు. సందీప్, ఈ బ్యాచ్ మొత్తం పారేసి మళ్ళీ చెయ్యి."

సందీప్‌కి జవాబు తెలుసు. మాలతి అతని మొహంలో చూసింది. జవాబు పెదాల దాకా వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి పోయింది. ఒక్కరోజు టెక్నీషియన్ డిపార్టుమెంటు పెద్దని తప్పంటాడా?

"జీ సర్," అన్నాడు.

"పొరపాటు కాదు," అంది మాలతి.

పెద్దాఫీసుని అడక్కుండానే నోరు తెరుచుకుంది. తెరుచుకున్నాక భయం వేసింది. కానీ అప్పటికే అందరూ ఇటు తిరిగారు. ఇంక మూసి లాభం లేదు.

"పొరపాటు కాదు సర్. నూటిలో రెండు మూడు పట్టడమే సరైన రంగు. అన్నీ పడితే నల్ల మరక తప్ప ఏమీ కనిపించదు. ఈ రెండూ మొత్తం కనిపిస్తున్నాయి, కొమ్మలు, దారం, అన్నీ. ఈ బ్యాచ్ పారెయ్యడానికి వీల్లేదు."

"ఈమె ఎవరు?" అన్నాడు వచ్చినాయన.

"సఫాయి, సర్," అన్నాడు చౌబే.

వచ్చినాయన బకెట్టునీ ఆమెనీ చూశాడు. తర్వాత సందీప్‌ని చూశాడు. విసుగ్గా చేతి గడియారం చూసుకున్నాడు. "ఒక సెక్షన్ కోసి చూపించండి. ఎవరో ఒకరు."

బీరువాలోంచి ఆరో ముక్క వచ్చింది. సందీప్ క్యారెట్ పట్టుకుని కత్తి ఎత్తాడు. కొయ్యకుండానే దించాడు. ఇంకోసారి ఎత్తాడు. అప్పుడు కత్తిని మెల్లిగా బల్లమీద పెట్టి, పిడి మాలతి వైపు తిప్పాడు.

"మాలతీ, వచ్చి కొయ్యి. త్వరగా," అన్నాడు చౌబే.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. కత్తి ముట్టుకోలేదు.

"ముందు ఫారంలో పేరు రాయండి సర్. నాది."

వెంకటరత్నం ఫారాన్ని గుండెకి అదుముకున్నాడు.

"అది తర్వాత చూద్దాం," అన్నాడు చౌబే పళ్ళ బిగువున.

"తర్వాతైతే సెక్షన్ కూడా తర్వాతే సర్. సఫాయి మనిషి కత్తి పట్టుకోకూడదు కదా. టెక్నీషియన్నైతే పట్టుకుంటాను."

రేపు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడని ఆమెకి తెలుసు, ధనుంజయ్‌కి ఏం చెప్పాలో తెలీదు. అయినా ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. పదకొండేళ్ళలో ఇంత హాయిగా ఆమెకి ఎప్పుడూ లేదు.

"డిప్లొమా ఉందా?" అన్నాడు వచ్చినాయన.

"లేదు సర్."

"ఎన్నేళ్ళు?"

"పదకొండు. ఈ బల్ల దగ్గరే."

ఆయన వెంకటరత్నం చేతిలోంచి ఫారం లాక్కుని వెనకపేజీ తిప్పాడు. "పదేళ్ళ అనుభవం ఉన్నా చాలు అని ఉందిగా ఇక్కడ. డాక్టర్ సాబ్, కోసేవాళ్ళ పేరే రాయండి. లేదా టెక్నీషియన్ లేరని నేను రాస్తాను. మీ ఇష్టం. నాకింకా మూడు డిపార్టుమెంట్లున్నాయి, భోజనం కూడా కాలేదు."

అందులో ఆమె మీద జాలి లేదు, న్యాయం మీద ప్రేమ లేదు. ఆకలి ఉంది, అంతే. మాలతికి అది చాలు.

చౌబే పెన్ను తీశాడు. టైపు చేసిన సందీప్ పేరు కొట్టేసి, పక్కన ఆమె పేరు తన చేత్తో రాశాడు. రాస్తున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేదు. వెంకటరత్నం ఫారాన్ని ఆమె ముందు పెట్టాడు. ఆమె తొందరపడలేదు. పై వరస నుంచి కింది వరస దాకా చదివింది. హోదా దగ్గర 'టెక్నీషియన్' అని ఉందో లేదో రెండోసారి చూసింది. తెలుగులో సంతకం పెట్టింది. సందీప్ కోటు విప్పి చేతి మీద వేసుకుని, "నేనొస్తానక్కా," అన్నాడు మెల్లిగా. ఆమె తలూపింది.

అప్పుడు చేతులు కడుక్కుని కత్తి తడిపింది. ఒక్క లాగుడు. రేకు లేచి స్పిరిట్‌లోకి జారింది.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు వచ్చినాయన.

"పది నిమిషాలు సర్."

"చాల్లే, చూశాను," అని ఆయన మెట్లవైపు నడిచాడు. వెంకటరత్నం ఆయన వెనకే పరిగెత్తాడు. చౌబే కూడా గుమ్మం దాకా వెళ్ళాడు.

"సర్," అంది మాలతి. "పది నిమిషాలు."

ఆయన ఆగాడు. "నీకు తెలుస్తోందా నువ్వేం చేశావో? ఈ కాగితం పైకి పోయాక ఏం జరుగుతుందో?"

"తెలుసు సర్. ఏం జరిగినా ఆ కాగితం మీద మీ రాత ఉంటుంది." ఆమె రేకుని లవంగనూనెలోకి మార్చింది. "ఇంత దాకా వచ్చారు. చూసి వెళ్ళండి."

చౌబే వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో బహుశా ఆయనకీ తెలీదు. ఆమె నూనెని కాగితంతో అద్ది తీసి, రేకుని గాజుమీద పరిచి, జిగురుచుక్క వేసి, పైగాజు ఒక పక్కనించి దించింది, బుడగ రాకుండా. మైక్రోస్కోపు కింద పెట్టి, మర తిప్పి, తను చూసింది. పక్కకి జరిగింది.

డాక్టర్ చౌబే కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని వంగాడు. మొదట ఒక కన్ను, తర్వాత రెండో కన్ను. ఆయన వీపు బిగుసుకుని ఉంది. కాసేపటికి సడలింది. మర మీదికి ఆయన చెయ్యి వచ్చింది.

"ఈ దారం ఎక్కడిదాకా పోతోంది?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"మెల్లిగా తిప్పండి సర్. మీరే చూస్తారు."

ఆయన మెల్లిగా తిప్పాడు. తల ఎత్తేదాకా మాలతి పక్కనే నిలబడింది, చేతులు కట్టుకోకుండా.